తాగొద్దని బోర్డు పెట్టిన నీళ్లు

వల్లూరు చుట్టుపక్కల వేరుశనగ చేలల్లో సోలార్ ప్యానెళ్లు లేచాక వచ్చిన రెండో వేసవి అది. నేను పావగడలో తాగునీటి పరీక్షల ల్యాబులో ఎనలిస్టును. ఆ వైపు ఒక ఊళ్లో ఇంటింటా వాంతులూ విరేచనాలూ అని ఆశా కార్యకర్త ఫోన్ చేసింది. వెంటనే బయల్దేరాను.

ఊరి బోరు ఎండిపోయింది. ప్యానెళ్లు కడగడానికి కూలీల క్యాంపు మురుగును శుద్ధిచేసే చిన్న ప్లాంటు ఒకటి దగ్గర్లో ఉంది. దాన్ని నడిపే కాంట్రాక్టరు పంచాయతీతో మాట్లాడుకుని, ఆ ప్లాంటు నీళ్ల పైపునే ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకుకు కలిపేశాడు.

అడిగితే దాచలేదు. "ఇన్నాళ్లు తాగిన బోరు నీళ్లలో ఫ్లోరైడ్ కదా మేడమ్. ఈ నీళ్లలో తక్కువ ఉండాది. టెస్ట్ చేపించినాం."

"క్రిములకు చేయించారా?"

"చూసేకి తేటగానే ఉండాయి కదా. ఇంకేం టెస్టు?"

నాకు ఒళ్లు మండింది. ఫ్లోరైడ్ ఎముకల్ని తినడానికి ఏళ్లు పడుతుంది. మురుగులోని క్రిములకు ఒక్క పూట చాలు.

కుళాయి నీళ్లలో క్లోరిన్ ఆనవాలే లేదు. హెచ్‌టుఎస్ వయల్ నింపాను. అది మందు వేసిన చిన్న సీసా. నీళ్లలో మలం కలిసి ఉంటే ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది. అయితే అంతదాకా ఆగే పరిస్థితి కాదు. వాల్వు మూసి ట్యాంకర్ తెప్పించమని పంచాయతీ అధికారి దగ్గర పట్టుబట్టాను.

"పైనుంచి ఆర్డరు రానీ మేడమ్" అన్నాడాయన.

అప్పుడు గంగమ్మ ముందుకొచ్చింది. ప్యానెళ్లు కడిగే పనికి పోయే మనిషి. కూతురు ఆసుపత్రిలో సెలైన్ మీద ఉంది.

"ఆడ మాకు బోర్డు పెట్టినారు సార్, ఈ నీళ్లు తాగొద్దని. అవే నీళ్లు ఈడ మా కుళాయిలో ఇడిసినారా? ఒక మాట చెప్పాలని ఎవురికీ అనిపీలేదా?"

ఆమే వెళ్లి వాల్వు తిప్పి మూసేసింది. ఊరి ఆడవాళ్లంతా దాని చుట్టూ నిలబడ్డారు. సాయంత్రానికి ట్యాంకర్ వచ్చింది.

మర్నాడు వయల్ తారులా నల్లబడింది. గంగమ్మ కూతురు కోలుకుంది. కాంట్రాక్టరును మాత్రం ఒక హెచ్చరికతో వదిలేశారు. ఆ కోపం నాకింకా చల్లారలేదు.

మురుగును శుద్ధిచేసి తాగునీరుగా ఇవ్వడం తప్పు కాదు. ప్రతి దశలోనూ పరీక్షించి, తాగేవాళ్లకు చెప్పి ఇస్తే నేనూ తాగుతాను. కానీ బోరు నీటికి చేసే పరీక్ష దానికి చాలదు. అందుకే ఇప్పుడు ఏ శాంపిల్ వచ్చినా మూత తీయకముందే రెండు మాటలు అడుగుతాను: ఈ నీళ్లు ఎక్కడివి? తాగేవాళ్లకు ఆ సంగతి తెలుసా? జవాబు రాకపోతే ఆ ఊరికి నేనే బయల్దేరతాను.