అత్త నడిపిన ఇల్లు

ఆ మంగళవారం నేను పనిచేసే బడి ఒంటిపూటే. ఎండాకాలం మొదలైంది. నేను ఇంటికి వచ్చేసరికి మా గడప ముందు ఆడవాళ్ళ చెప్పులు కుప్పగా ఉన్నాయి. అత్త నాతో చెప్పకుండా ఎవరినో భజనకు పిలిచిందనుకున్నాను. చెమట కొంగుతో తుడుచుకుని, నవ్వు ముఖం పెట్టుకుని లోపలికి వెళ్ళాను.

ముందు గదిలో మా వీధి ఆడవాళ్ళు నేల మీద కూర్చుని ఉన్నారు. ఒక్కరూ మాట్లాడడం లేదు. నన్ను చూసి ఒకరిద్దరు తల దించుకున్నారు. వంటింట్లో అత్త పొయ్యి ముందు నిలబడి టీ మరగబెడుతోంది.

“ఏంది అత్తా, ఏం జరిగింది?”

“ఏం లేదు. ఈ గ్లాసులు అందుకో,” అంది. నా వైపు చూడలేదు.

గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని తీసుకువెళ్ళాను. ఎవరూ చెయ్యి చాపలేదు. గోడకు ఆనుకుని కూర్చున్న మా ఎదురింటి పెద్దామె చివరికి నోరు విప్పింది.

“నీకు తెలీదా అమ్మా? మీ అత్త ఈ వారం కంతు కట్టలే. పోయిన వారం గూడ మేమే తలా ఇంత ఏసి కట్టినం. ఇప్పుడు మా దగ్గర లేదు. అందరిదీ వస్తే గాని సారు మమ్మల్ని పోనియ్యడంట. ఇంగ మేం యాడికి పోవాల? ఇక్కడికొచ్చి కూసున్నం.”

“ఏ కంతు?” అన్నాను.

ఆ మాటకు అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాకు తెలియదన్న సంగతి వాళ్ళకూ తెలియదు.

గ్రూపు లోన్లంటే ఏమిటో మార్కాపురంలో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఒక వీధి ఆడవాళ్ళు గుంపుగా చేరి ఫైనాన్స్ వాళ్ళ దగ్గర అప్పు తీసుకుంటారు. వారం వారం ఒకచోట కూర్చుని కంతు కడతారు. ఒకరు తప్పితే మిగిలినవాళ్ళు భరించాలి. ఇదంతా నాకు తెలుసు. ఆ గుంపులో మా అత్త ఉందన్న ఒక్క సంగతే తెలియదు. ప్రతి మంగళవారం పొద్దున్నే తలస్నానం చేసి, గుడికి పోయొస్తానని బయలుదేరేది. వచ్చేటప్పుడు నుదుట విభూతి కూడా ఉండేది.

కిటికీలోంచి చూశాను. వీధికి అవతల బండి మీద ఫైనాన్స్ సారు కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. తొందరేమీ లేనట్టు ఉన్నాడు.

నా భర్తకు ఫోన్ చేశాను. ఆయన పలకల ఫ్యాక్టరీలో కోత మిషను మీద పని చేస్తాడు. వచ్చేసరికి కనుబొమ్మల దాకా బూడిదరంగు దుమ్ము. గదిలోకి చూశాడు, వాళ్ళమ్మను చూశాడు, ఏమీ అడగకుండా మళ్ళీ బండి తిప్పుకుని వెళ్ళాడు. ఓనరు దగ్గర అడ్వాన్సు తెచ్చి ఆ సారు చేతిలో పెట్టేదాకా ఆడవాళ్ళు అలాగే కూర్చున్నారు. లేచేటప్పుడు ఎదురింటి పెద్దామె చల్లారిపోయిన టీ గ్లాసు తీసుకుని గటగటా తాగింది. “పాలు పారబోస్తే పాపం,” అంటూ వెళ్ళిపోయింది.

మేం ముగ్గురం మిగిలాం. ఆయన గడప మీదే కూర్చుని, “ఎంత ఉందమ్మా?” అన్నాడు.

అత్త ఒక్కసారిగా చెప్పలేదు. ఈ గ్రూపులో ఇంత అంది. ఇంకో వీధిలో మరో గ్రూపు ఉందంది. పాలామెకు ఇన్ని నెలలది అంది. దుకాణంలో ఖాతా ఉందంది. ఆయన నేల చూస్తూ వింటున్నాడు. ప్రతిసారీ అయిపోయిందనుకుంటాం, అత్త గొంతు సవరించుకుని ఇంకొకటి చెబుతుంది. అన్నీ కలిపితే మా ఇద్దరి జీతాలు ఆరు నెలలపాటు ముట్టుకోకుండా పెట్టినా తీరేది కాదు. దేనికో ఒకదానికి ఖర్చయి ఉంటే అర్థమయ్యేది. ఇంట్లో కొత్తగా ఏదీ లేదు. అదే పాత బీరువా, అదే కూలరు.

“ఏం చేసినావమ్మా అంత డబ్బు?” అన్నాడాయన. కోపం కాదు. నిజంగానే తెలియక అడిగాడు.

“ఏం చేస్తా? ఇల్లు నడిపినా.” అత్త గొంతు మొదటిసారి పెరిగింది. “పెండ్లయిన కొత్తలో ఎంత ఇచ్చినావో ఇప్పుడూ అంతే ఇస్తాండావు. నూనె అప్పటి రేటుకే వస్తాందా? సిలిండరు వస్తాందా? పాప పుట్టింది, ఇస్కూలుకు పోతాంది. ఎట్ల సరిపోతాదనుకున్నావు?”

“అడగొచ్చు గదా.”

“అడిగితే ఏమనుకుంటరు? ముసిల్దానికి ఇల్లు నడపడం రాదనుకోరా?”

అప్పటికి ఆమెకు యాభై దాటి కొన్నేళ్ళే. మామ పోయినప్పటి నుంచీ ఇంటి పెత్తనం ఆమెదే. నెల మొదట్లో మేమిద్దరం ఇంత అని ఆమె చేతిలో పెట్టేవాళ్ళం. మిగిలింది బండి కంతుకు, అద్దెకు, మా ప్రయాణాలకు సరిపోయేది. పూటకు అన్నం, రెండు కూరలు, ఆదివారం కోడికూర, వచ్చినవాళ్ళకు కాఫీ. ఏనాడూ లోటు కనిపించలేదు. మా అత్త చేతి మహిమ అని మా పుట్టింట్లో గొప్పగా చెప్పుకునేదాన్ని.

“సరే, నీ కమ్మలన్నా ఉన్నయి గదా. అవి పెట్టి దుకాణం బాకీ కడదాం,” అన్నాడాయన.

అత్త చెవి తడుముకుంది. “ఇవి గిల్టువి. అసలువి పోయిన ఏడే తాకట్టు పెట్టినా.”

రోజూ ఎదురుగా కూర్చుని అన్నం తినే మనిషి చెవులకున్నవి గిల్టు కమ్మలని మా ఇద్దరికీ తెలియదు.

ఏదో ఒకటి మాట్లాడాలని నేను, “మొదట దేనికి తీసుకున్నావు అత్తా?” అన్నాను.

ఆమె కొడుకుతోనే అంది. “ఆయమ్మ బీఈడీ ఫీజుకు.”

మామ దాచిపెట్టిన డబ్బు ఉందని, అది నా చదువుకే వాడాలని ఆయన కోరిక అని అప్పట్లో ఆమే చెప్పింది. నేను మామ ఫొటోకు దండం పెట్టుకుని కాలేజీలో చేరాను. ఇప్పుడు ఆ ఫొటో వైపు చూడడానికి కూడా ధైర్యం చాలలేదు. బయటికి వచ్చి తొట్టి పక్కన చాలాసేపు నిలబడ్డాను.

అప్పు తీర్చాలంటే అనవసరపు ఖర్చులు తగ్గించుకోమని అందరూ చెబుతారు. మరుసటి రోజు నుంచి మేమూ అదే పనిలో పడ్డాం. తీరా కూర్చుంటే అనవసరపు ఖర్చు అంటూ ఏదీ దొరకలేదు. సినిమాలు లేవు, షికార్లు లేవు. అది నాకు అప్పుకంటే పెద్ద దెబ్బ. ఇక అవసరమైనవే తగ్గించాలి.

టీవీ కనెక్షన్ తీసేశాం. పాలు సగం చేశాం. మా ఊరి బోరు నీళ్ళు తాగితే పళ్ళు గారపడతాయి, కాబట్టి తాగే నీళ్ళ క్యాను మానలేం. వంటకు మాత్రం బోరు నీళ్ళే వాడాం. పప్పు ఉడకడానికి ఎంతసేపు పట్టేదో. నేను షేర్ ఆటో మానేసి నడిచాను. ఆయన ఫ్యాక్టరీ దగ్గర టీ మానేశాడు, తలనొప్పితో కొన్నాళ్ళు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. అత్త తమ్ముడికి అర్ధవీడు దగ్గర కాస్త మెట్ట చేను ఉంది. అక్కడి నుంచి వచ్చిన సజ్జలు, కందులతో రాత్రిపూట అన్నం బదులు సంగటి మొదలైంది. మా పాప మొదటిరోజు ముద్దను వేలితో పొడిచి చూసి, “ఇది ఎప్పుడు ఉడుకుతుంది?” అని అడిగింది.

కనిగిరిలో నా భర్త పెదనాన్న మనుమరాలి పెళ్ళికి అత్త ఒక్కతే బస్సులో వెళ్ళింది. చదివింపులు తక్కువ రాయించిందని అక్కడ ఎవరో ఏదో అన్నారట. తిరిగి వచ్చి చీర మడతపెడుతూ, “అన్నం బాగ పెట్టినారు,” అంది.

కొన్ని నెలలకు చేతిలో కాస్త నిలిచింది. మొదట కమ్మలు విడిపిద్దామని ఆయనా నేనూ తాకట్టు దుకాణానికి వెళ్ళాం. ఆ సేటు చీటీ అటూ ఇటూ తిప్పి, “గడువు దాటిపోయింది గదమ్మా. అమ్మేసినం,” అన్నాడు. కబురు పెట్టామన్నాడు. కబురు అందింది కూడా, అత్త మాకు చెప్పలేదు. ఇంటికి వచ్చి ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆయనే చెప్పాడు. అత్త చాటలో బియ్యం చెరుగుతోంది. చెరగడం ఆపలేదు. ఆ రోజు మాత్రం తినలేదు.

అప్పటికీ నెల నెలా కంతులకు చాలడం లేదు. ఇక మిగిలింది పాప బడి. నేను పాఠాలు చెప్పే ప్రైవేటు స్కూల్లోనే పాప మూడో తరగతి. టీచరు బిడ్డకు ఫీజులో సగం తగ్గిస్తారు. ఆ సగం కూడా, బస్సూ పుస్తకాలూ యూనిఫారమూ కలిపితే, ఒక గ్రూపు కంతుకు సమానం. మా వీధి చివర ప్రభుత్వ బడి ఉంది. పుస్తకాలు ఇస్తారు, మధ్యాహ్నం అన్నం పెడతారు. జూన్‌లో పాపను అక్కడ చేర్చాం.

వారం తిరక్కుండానే మా కరస్పాండెంట్ నన్ను పిలిపించాడు. కూర్చోమనలేదు.

“మా టీచరే బిడ్డను మాన్పించి గవర్నమెంటు బడిలో ఏసిందంటే ఊర్లో ఏమనుకుంటరు మేడం? తల్లిదండ్రులు నన్ను అడుగుతాండారు. పాపను మళ్ళీ తీసుకురాండి. లేదా మీరే ఆలోచించుకోండి.”

నా జీతం పోతే ఇల్లు ఒక్క నెల కూడా నిలవదు. ఇంటికి వచ్చి చెప్పాను. ఆయన, “మళ్ళీ అక్కడే చేర్చుదాంలే,” అన్నాడు. అత్త పాప పుస్తకాల సంచి సర్దుతోంది.

మరుసటి రోజు నేను ఐదో తరగతిలో ఉండగా ఆయా పరుగున వచ్చి, “మేడం, మీ అత్త సారు రూములో ఉండాది,” అంది. సుద్దముక్క అక్కడే వదిలేసి వెళ్ళాను. తలుపు తెరిచే ఉంది. అత్త కరస్పాండెంట్ ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉంది. ఆ కుర్చీలో నేను ఎప్పుడూ కూర్చోలేదు.

“నాయనా, మీ ఇస్కూలు ఫీజు కట్టను గూడ నేను అప్పు చేసినా,” అంటోంది. గొంతులో కోపం లేదు, బతిమాలడమూ లేదు. కూరగాయల బేరంలా ఉంది. “ఇప్పుడు ఆ అప్పు తీర్చను పిల్లను తీసేసినం. ఇందులో మీకు చిన్నతనమేముంది? మా కోడలు ఎట్ల చెప్తాదో మీరే పిల్లోల్లను అడగండి. మా పిల్ల మళ్ళీ ఇక్కడే సదవాలంటే ఆయమ్మకు జీతం పెంచండి. ఆ పొద్దే చేరుస్తం.”

నేను గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను. కన్నకొడుకును అదనంగా నూనె డబ్బులు అడగలేక వీధిలోవాళ్ళ దగ్గర అప్పు చేసిన మనిషి ఈమేనా అనిపించింది. కరస్పాండెంట్ నన్ను చూశాడు, ఆమెను చూశాడు.

“జీతం సంగతి ఇప్పుడు కుదరదు పెద్దమ్మా,” అన్నాడు చివరికి.

“అయితే పిల్ల సంగతి గూడ ఇప్పుడు కుదరదు నాయనా,” అని అత్త లేచింది. నా పక్కనుంచి పోతూ, “పో, క్లాసులో పిల్లోల్లు గోల చేస్తాండారు,” అంది.

ఆ నెల జీతం ఇవ్వరేమో అని భయపడుతూనే ఉన్నాను. ఇచ్చారు. ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. జీతమూ పెరగలేదు. పాప ప్రభుత్వ బడిలోనే ఉంది. మధ్యాహ్నం గుడ్డు పెట్టిన రోజున ఇంటికి వచ్చి ఆ సంగతి ముందు చెబుతుంది.

అప్పులు తీరడానికి రెండేళ్ళకు దగ్గరగా పట్టింది. ముందు పాలామెకు, తర్వాత దుకాణానికి, ఒక గ్రూపుకు, ఆఖరున మా వీధి గ్రూపుకు. మధ్యలో ఆయన చేతికి మిషను తగిలి కొన్నాళ్ళు పనికి పోలేదు. ఆ నెలల్లో మా అన్న సాయం చేశాడు. ఇప్పుడు నెల మొదట్లో ముగ్గురం కూర్చుంటాం. అత్త ఖర్చులు ఒక్కొక్కటే చెబుతుంది. కొన్నిసార్లు ఆమె చెప్పే ధర విని నేను నమ్మను. బజారుకు వెళ్ళి కనుక్కుని వస్తాను. ఆమె చెప్పిందే నిజమవుతుంది.

చివరి కంతు రోజు నేనూ ఆమె వెంట వెళ్ళాను. డబ్బు లెక్కపెట్టుకున్నాక ఫైనాన్స్ సారు, “నీ రికార్డు ఇప్పుడు బాగుంది అక్కా. ఈసారి పెద్ద లోను ఇస్తాం. సంతకం పెడితే చాలు,” అంటూ కాగితం చాపాడు. గ్రూపు ఆడవాళ్ళంతా అత్తనే చూస్తున్నారు. ఆమె కాసేపు ఆ కాగితం వైపు చూసింది.

“ఇంట్లో అడిగి చెప్తా,” అంది.

ఇంటికి వచ్చాం. లోను సంగతి నన్ను ఏమీ అడగలేదు. కాళ్ళు కడుక్కుని, చాప వేసుకుని పడుకుంది. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి మా అత్త పగటిపూట నిద్రపోవడం చూడలేదు. వంట ముగించాను, బట్టలు ఆరేశాను, పాప బడి నుంచి వచ్చింది. ఆమె లేవలేదు, కదల్లేదు. నాకు భయం వేసింది. పక్కన కూర్చుని ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

“పండుకోనియ్యి,” అంది కళ్ళు తెరవకుండానే.