కాలవ గట్టు మీద రేసు గుర్రం

మా ఆయన మిలటరీలో గుర్రాల విభాగంలో పనిచేశారు. కొత్తగా వచ్చిన గుర్రాలను చూసి, ఏది దేనికి పనికొస్తుందో చెప్పడం ఆయన ఉద్యోగం. పెళ్ళైన కొత్తలో ఈ మాట మా వాళ్ళెవరికీ అర్థం కాలేదు. గుర్రమంటే గుర్రమే కదా, అందులో రకాలేమిటని మా అమ్మ అడిగింది. ఆయన నవ్వి ఊరుకున్నారు.

ఉత్తరాదిన ఒక కంటోన్మెంటులో ఆయనతో రెండేళ్ళు కాపురం చేశాను. ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను లాయం దగ్గరికి తీసుకెళ్ళేవారు. గుర్రాన్ని ముందు దూరంగా నిలబడి పక్కనుంచి చూడాలనీ, తర్వాత ముందు నుంచీ వెనక నుంచీ చూడాలనీ, చెయ్యి వెయ్యడం ఆఖరి పనేననీ చెప్పేవారు. పోలో ఆడే గుర్రం మరీ పొడవుగా ఉండకూడదు, వీపు పొట్టిగా ఉంటే చప్పున తిరుగుతుంది. అడ్డుకర్రల మీంచి దూకే దానికి బలమంతా వెనక కాళ్ళలో ఉండాలి. భుజం ఏటవాలుగా ఉన్న గుర్రానికి అడుగు బారుగా పడుతుంది, మీద కూర్చున్నవాడికి కుదుపు తెలియదు. నేను పంతులమ్మ ట్రైనింగు అయినదాన్ని కాబట్టి ఇవన్నీ నాకు పలక మీద గీసి చూపించేవారు. గుర్రం బొమ్మ ఆయన వేసినంత బాగా నేను ఇప్పటికీ వెయ్యలేను.

తర్వాత నాకు మా ఊరి దగ్గర బడిలో ఉద్యోగం వచ్చింది, నేను ఇటు వచ్చేశాను. కొన్నాళ్ళకి ఆయనా వచ్చేశారు. ఊళ్ళో అందరూ పింఛను మీద వచ్చేశారనుకున్నారు. నిజానికి, అదుపులో లేని ఒక చిన్న వయసు గుర్రం ఆయన్ని కింద పడేసి తుంటి విరగ్గొట్టింది. నడక బాగానే ఉండేది, కొంచెం ఒరిగినట్టు నడిచేవారు, అంతే. కానీ గుర్రం మీద కాళ్ళు చెరో వైపు వేసుకుని కూర్చోవడం ఇక కుదరదని డాక్టర్లు తేల్చేశారు. ఆ సంగతి నాకూ, మా అత్తగారికీ తప్ప ఇంకెవరికీ తెలియదు. ఎవరితోనూ అనవద్దని ఆయన మమ్మల్ని అడగలేదు. మేమే అనలేదు.

కొత్తపేట చుట్టుపక్కల కొబ్బరితోటల్లో ఆయన విద్యకి పనేముంటుంది? అమలాపురం ఏదైనా పని మీద వెళ్తే బస్టాండు దగ్గర జట్కాల వరుస ముందు నిలబడిపోయేవారు. ఇంటికొచ్చాక అన్నం తింటూ, ఫలానా తెల్ల గుర్రం మెడ దగ్గర కాడి ఒరుసుకుని పుండైందనో, ఫలానా బక్క గుర్రం బండికంటే సవారీకి బాగుండేదనో చెప్పేవారు. వినేవాళ్ళం నేనూ మా అత్తగారూ ఇద్దరమే.

ఎనభైలు మొదలయ్యే ముందు మాట ఇది. పక్క ఊరి రైసుమిల్లు ఆసామి గారు మెడ్రాసు నుంచి ఒక రేసు గుర్రాన్ని లారీలో తెప్పించారు. ఆయన తమ్ముడికి గుర్రాలంటే పిచ్చి. ఊరి జాతరల్లో, తీర్థాల్లో పెట్టే పందాల్లో దాన్ని పరిగెత్తించాలని ఆ అబ్బాయి సరదా. అబ్బాయంటే ముప్పై ఏళ్ళ మనిషే, ఇంట్లో చిన్నవాడు కాబట్టి అందరూ అలాగే అనేవారు. ఒకసారి వచ్చి చూసి వెళ్ళమని ఆసామి గారు మా ఆయనకు కబురు పంపారు.

మా మామగారు బతికుండగా ఆ ఇంట్లోనే పాలేరుతనం చేశారు. ఆ గుమ్మంలోకి ఆయన ఎప్పుడూ వెళ్ళలేదు, పెరటి వైపు నుంచే రాకపోకలు. మా అత్తగారు కొడుకుని మాత్రం ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళమంది. నన్ను కూడా వెంట వెళ్ళమంది.

మేము వెళ్ళేసరికి అరుగు మీద రెండు కుర్చీలు వేయించి ఉంచారు. ఆసామి గారు స్వయంగా లేచి కూర్చోమన్నారు. నేను కూర్చున్నాను. మా ఆయన మాత్రం, గుర్రం నిలబడి ఉంటే తను కూర్చుని చూడలేనని చెప్పి దూరంగా కొబ్బరిచెట్టు దగ్గర నిలబడ్డారు.

అది ఆడ గుర్రం. ఎర్రటి రంగు, పొడుగాటి కాళ్ళు. మా ఆయన చాలాసేపు అక్కడి నుంచే చూశారు. తర్వాత చుట్టూ తిరిగారు. పాలేరు చేత దాన్ని అటూ ఇటూ నడిపించారు. ఆఖరికి దగ్గరికి వెళ్ళి ముందరి కాలు మోకాలి కింద వెనక నరాన్ని వేళ్ళతో పైనుంచి కిందికి నిమిరారు. ఒక చోట చెయ్యి ఆగిపోయింది. అక్కడే మళ్ళీ తడిమారు.

"పరుగుకి మాత్రం పనికిరాదండి" అన్నారు.

ఆసామి గారి తమ్ముడి మొహం మాడిపోయింది. "అదేంటండీ మిలటరీగారూ, మెడ్రాసులో పరిగెత్తిన గుర్రమండీ ఇది" అన్నాడు.

"ఆయ్, పరిగెత్తింది కాబట్టేనండి. ఈ నరం ఒకసారి తెగి అతుక్కుంది. ఇంకా వేడిగానే ఉంది, మీరే చెయ్యి పెట్టి చూడండి. మళ్ళీ దౌడు తీయిస్తే ఈసారి కాలే పోతుంది."

తమ్ముడు చెయ్యి పెట్టి చూడలేదు. గిర్రున తిరిగి లోపలికి వెళ్ళిపోయాడు. ఆసామి గారు పెద్దమనిషి, కాసేపు గడ్డం గోక్కుని, మరి ఇది దేనికి పనికొస్తుందో అదైనా చెప్పమని అడిగారు. మా ఆయన మొహం అప్పుడు విప్పారింది. వెనక కాళ్ళలో బలం చాలదు కాబట్టి దూకే ఆటకి వద్దన్నారు. వీపు పొడవు, కాబట్టి చప్పున తిరగలేదన్నారు. కానీ భుజం చాలా బాగుందట, అడుగు నీళ్ళమీద పడవలా సాగుతుందట, బుద్ధి నెమ్మదట. కాలు కుదుటపడితే దూరాలు నడవడానికీ, గుర్రమెక్కడం రానివాళ్ళు నేర్చుకోవడానికీ దీన్ని మించింది దొరకదని చెప్పారు. ఇంట్లో మా ఇద్దరికీ ఒక్కసారిగా అన్ని మాటలు ఎప్పుడూ చెప్పని మనిషి ఆయన.

అలాగైతే మీ దగ్గరే ఉంచుకుని బాగుచేయండి, దాణా మేమే పంపుతామని ఆసామి గారు అన్నారు. మర్నాడే పాలేరు దాన్ని నెమ్మదిగా నడిపించుకుంటూ మా పెరట్లోకి తీసుకొచ్చాడు.

ఊరంతా వచ్చి చూసింది. పాస్టరుగారు కూడా వచ్చి దూరం నుంచి చూసి వెళ్ళారు. మా అత్తగారు గేదెల కోసం కోసిన పచ్చగడ్డిలో సగం దానికి వేసేది. పైకి మాత్రం, ఇంతెత్తు జంతువుని పెరట్లో కట్టుకున్న సంసారం ఎక్కడా చూడలేదని సణిగేది. మా ఆయన పొద్దున్నే దాన్ని కాలవలోకి దింపి మోకాలి లోతు నీళ్ళలో నిలబెట్టేవారు. చల్లటి నీళ్ళలో వాపు లాగుతుందని. అది నిలబడినంతసేపూ తనూ పంచె ఎగ్గట్టి నీళ్ళలోనే నిలబడి దానితో హిందీలో మాట్లాడేవారు. తెలుగు దానికి రాదని ఆయన ఉద్దేశం.

వర్షాకాలం వెళ్ళేసరికి కాలు చల్లబడింది. వాపు గట్టిపడి చిన్న ముడిలా మిగిలింది. ఇక ఎవరైనా ఎక్కితే తప్ప నడక ఎలా ఉందో తెలియదు. ఆయన ఎక్కలేరు. ఒకరోజు బడి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే నా దగ్గరికి వచ్చి, "పంతులమ్మగారూ, మీరోసారి ఎక్కాలి" అన్నారు. వేళాకోళమనుకున్నాను. ఆయన మొహం చూస్తే వేళాకోళం కాదు.

అప్పటికి నాకు నలభై దగ్గర పడుతున్నాయి. చీర కింద ఆయన పాత ఖాకీ ప్యాంటు తొడుక్కుని, అరుగు మీద నుంచి ఎక్కాను. కిందికి చూస్తే నేల బావిలో ఉన్నట్టు అనిపించింది. ఆయన కళ్ళెం పట్టుకుని పక్కన నడుస్తూ, భుజాలు వదులు చెయ్యమనీ, దాని చెవుల మధ్య నుంచి ముందుకి చూడమనీ చెప్పారు. గుర్రం అడుగు వేసింది. అంతకుముందు పలక మీద గీసిన ఏటవాలు భుజం ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఉయ్యాల బల్ల మీద కూర్చున్నట్టే ఉంది.

కాలవ గట్టు మీద రోజూ సాధన చేశాను. మొదట్లో రేవులో బట్టలు ఉతికేవాళ్ళు పని ఆపి చూసేవారు, కొందరు నవ్వేవారు. నా బడి ఆ గట్టు మీద రెండు మైళ్ళ అవతల ఉండేది. వానలొస్తే ఆ దారి నల్లమట్టి బురద, చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేదాన్ని. కొన్నాళ్ళకి గుర్రం మీదే బడికి వెళ్ళడం మొదలుపెట్టాను. మా ఆయన పక్కన నడిచి వచ్చి, నేను దిగాక దాన్ని తోలుకెళ్ళేవారు. పిల్లలు ప్రార్థన బెల్లు కొట్టకముందే గట్టు మీదికి వచ్చి ఎదురుచూసేవారు. ఆలస్యంగా వచ్చే అలవాటు చాలామందికి పోయింది.

ఒక రోజు మిల్లు ఆసామి గారి తమ్ముడు వచ్చాడు. గుర్రం బాగైందని విన్నాడట. తీర్థం దగ్గర పడుతోంది, తీసుకెళ్తానన్నాడు. మా ఆయన వద్దనలేదు, గుర్రం వాళ్ళది. పరుగుకి పనికిరాదని మాత్రం మళ్ళీ చెప్పారు. ఆ అబ్బాయికి కోపం వచ్చినట్టుంది. "మీరు చెప్పడమేగానీ ఎక్కడం మేమెప్పుడూ చూళ్ళేదండీ. ఒకసారి ఎక్కి చూపించండి, నమ్ముతాను" అన్నాడు.

మా అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"నేనెక్కలేనండీ. గుర్రం మీంచి పడి తుంటి విరిగింది. అందుకే పంపేసేరు నన్ను. ఇంక చూడ్డమొక్కటే నాకు మిగిలింది" అన్నారు.

గొంతులో కోపం లేదు, సిగ్గూ లేదు. ఆ అబ్బాయి తలొంచుకున్నాడు. తెలియక అన్నానండీ, ఏమనుకోకండి అని రెండు మూడుసార్లు అన్నాడు. మా ఆయన అతని భుజం మీద చెయ్యి వేసి, మీరే ఎక్కండి, మీకే తెలుస్తుంది అన్నారు.

గట్టు మీదికి వెళ్ళాం. అతను బాగానే ఎక్కుతాడు, చేతులు మెత్తన, కళ్ళెం గుంజడు. నడిపించాడు, తర్వాత చిన్న పరుగు తీయించాడు. మా ఆయన గుర్రం వైపు వీపు పెట్టి నిలబడి కళ్ళు మూసుకుని గిట్టల చప్పుడు వింటున్నారు. "కొంచెం జోరు పెంచండి" అని కేకేశారు. జోరు పెరిగిన కాసేపటికి చప్పుడులో ఒక కాలి దెబ్బ కుంటినట్టు తేలిగ్గా పడడం నాకు కూడా వినిపించింది. మేమేమీ అనకముందే అతను కళ్ళెం లాగి ఆపేశాడు. దిగి, ఆ ముందరి కాలి దగ్గర గొంతుక్కూర్చుని, మొదటిసారి ఆ నరం మీద చెయ్యి పెట్టాడు. పైనుంచి కిందికి నిమిరి చూశాడు.

"నొప్పిగా ఉన్నా చెప్పిన మాట వింటుందండీ ఇది" అన్నాడు చివరికి.

"ఆయ్. అలాంటివాటినే జాగ్రత్తగా చూసుకోవాలండి" అన్నారు మా ఆయన.

గుర్రాన్ని అతను తీసుకెళ్ళలేదు. తనే ఆదివారాలు మా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. పందానికి ఎలాంటిది కావాలో నేర్పమని అడిగాడు. ఇద్దరూ కలిసి అమలాపురం వెళ్ళి జట్కా గుర్రాలన్నీ వరుసగా చూసేవారు. అతను ఒక్కొక్కదాని గురించి చెప్తే ఈయన దిద్దేవారు. మరుసటి ఏడు ఇద్దరూ కలిసి పొట్టిగా, గట్టిగా ఉన్న ఒక నాటు గుర్రాన్ని ఎంచుకున్నారు. తీర్థంలో అది మొదట రాలేదు, మూడోదిగా వచ్చింది. ఆ సాయంత్రం ఇద్దరూ మొదట వచ్చినంత సంబరంగా మా ఇంటికొచ్చారు. మా అత్తగారు ఇద్దరికీ ఒకే చాప వేసి పూతరేకులు పెట్టింది. మిల్లు వారి ఇంటి మనిషి తన చాప మీద కూర్చుని తింటుంటే ఆవిడ తలుపు పక్కన నిలబడి చూస్తూనే ఉంది.

ఎర్ర గుర్రం నన్ను చాలా ఏళ్ళు బడికి మోసింది. గట్టు మీద రోడ్డు పడి బస్సు వచ్చాక మెల్లగా మానేశాను. అప్పటికి దానికీ వయసు మీదపడింది. ఒక వేసవిలో ఏ జబ్బూ లేకుండా, పెరట్లో పడుకున్నది పడుకున్నట్టే పోయింది. కాలవ అవతల మిల్లు వాళ్ళ చేలోనే పాతిపెట్టాం. ఆసామి గారు కూడా వచ్చారు.

తర్వాత మా ఆయనకు కీళ్ళు పట్టేసి బయట తిరగడం తగ్గింది. జట్కాల వాళ్ళు కొత్త గుర్రం కొనేముందు ఆసామి గారి తమ్ముణ్ణే పిలిచేవారు. అతను చూసొచ్చి తిన్నగా మా ఇంటికే వచ్చి, మంచం పక్కన కూర్చుని భుజం నుంచి గిట్ట దాకా అన్నీ వివరంగా చెప్పేవాడు. ఒకసారి అలా అంతా చెప్పాక మా ఆయన తలూపి, దాణా ఎలా తింటోందని అడిగారు. ఆ సంగతి చూడలేదని అతను ఒప్పుకున్నాడు.

"గబగబా తింటుందా, నిదానంగానా? తినేటప్పుడు పక్కకెళ్తే చెవులు వెనక్కి పెడుతోందా? అదీ చూడాలి కదండీ" అన్నారు ఈయన.

అతను లేచి నిలబడ్డాడు. భోంచేసి వెళ్ళమని నేనెంత చెప్పినా వినలేదు. దాణా పెట్టే వేళకి అందుకోవాలని, అమలాపురం బస్సు పట్టుకోవడానికి పరుగున వెళ్ళిపోయాడు.