నా కంట్లో పచ్చ బిళ్ల

ఒక ఎర్ర పెన్నుతో నా కంటికి నేనే ఎసరు పెట్టుకోబోయిన వైనం చెబుతాను. కళ్లద్దాలు తుడుచుకుని చదవండి.

అప్పట్లో నేను హైటెక్ సిటీలో టెస్టింగ్ లీడ్‌ని. ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. షుగర్ వచ్చి రెండేళ్లయింది. ఆ సంగతి నాకూ, ఆఫీసు డ్రాయర్లో తాళం వేసి దాచుకున్న కాజాలకూ తప్ప మా ఆవిడ సుజాతకు తెలియదు.

ఆఫీసులో కంటి క్యాంపు పెట్టారు. నా కంటి లోపలి పొరను ఫొటో తీసి, ప్రింటు చేతిలో పెట్టి, "రేపు డాక్టరుగారు చూస్తారు" అన్నారు. రేపటి దాకా ఆగే మనిషినైతే నాకీ తిప్పలెందుకు?

నారింజరంగు చందమామ మీద ఎర్రటి తీగలు పాకినట్టుంది ఫొటో. ఓ పక్కన పచ్చగా మెరుస్తూ గుండ్రటి బిళ్ల! వెంటనే ఫోనులో రెటీనా జబ్బుల బొమ్మలు తీశాను. షుగర్ పాడుచేసిన కంట్లో కారం చల్లినట్టు ఎర్ర చుక్కలు. పక్కన పచ్చ బిళ్ల. వయసు మీదపడ్డ కంట్లో నడిమధ్య పసుపు రవ్వ ఒలికినట్టు మచ్చలు, పక్కన బిళ్ల. రెటీనా ఊడిన కంట్లో తడిసిన కర్టెన్‌లా ముడతలు. బిళ్ల అక్కడా హాజరు. అంటే నాకు మూడు జబ్బులూ ఉన్నట్టే!

బిళ్ల చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. అనుమానం వచ్చినచోటల్లా చుక్క పెట్టాను. పెన్ను కారి మరికొన్ని వాటంతటవే పడ్డాయి.

నల్లగండ్లలో ఇల్లు చేరగానే, "సుజాతా, నీ మొహం ఓసారి తనివితీరా చూడనీ" అన్నాను.

"ఏంది, పెండ్లయిన ఇరవై ఏండ్లకు సూడబుద్దయిందా?"

భయంలో కంటి సంగతితోపాటు షుగరూ, డ్రాయరూ అన్నీ కక్కేశాను. ఆమె నవ్వు ఆగిపోయింది. "రెండేండ్లు దాచినవా? రేపు నేను గూడ వస్త."

మర్నాడు డాక్టరమ్మ ప్రింటు చూసి నవ్వారు. "ఆ బిళ్ల కంటినరం బయల్దేరే చోటండీ. అందరికీ ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న కంటి ఫొటో ఒక్కటైనా చూశారా?"

"లేదు మేడం. ఫెయిలైనవి చూడటమే నాకు అలవాటు."

ఆవిడ ఇంకాస్త వంగి చూశారు. ఈసారి నవ్వలేదు. "ఈ ఎర్ర చుక్కల్లో మీ కంటివెన్నండీ, మీ పెన్నువెన్ని?"

"తెలియదు మేడం."

మళ్లీ ఫొటో తీశారు. తెర మీద పచ్చ బిళ్ల నిక్షేపంలా ఉంది. దాని కింద మాత్రం, సూదిమొన గుచ్చినట్టు రెండు ఎర్ర చుక్కలు. నేను పెట్టనివి.

"ఇది షుగర్ పనేనండీ, ఇంకా మొదట్లోనే ఉంది. చూపుకేం కాలేదు. జాగ్రత్తగా ఉంటే ఇక్కడితో ఆగొచ్చు."

పక్కనే కూర్చున్న సుజాత చెయ్యి చాపింది. "ఇగ ఇటియ్యి."

"ఫొటోనా?"

"డ్రాయర్ తాళంచెవి."

ఆ రెండు చుక్కల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: నా ఒంట్లో ఏ భాగాన్నీ ఇకమీదట నేను టెస్టింగ్ చెయ్యను. ఎర్ర పెన్నునూ కాజానూ ముట్టను. పెన్ను విషయంలో నా మాట నమ్మొచ్చు. కాజాల విషయంలో పూచీ సుజాతది.