మ్యాప్‌లో ఇళ్లు, గేట్లకు తాళాలు

మ్యాప్ చూపించి దుకాణాలను తరలించమనే సలహాలు మా వైపు ఎక్కువవుతున్నాయి కాబట్టి, ఈ రోజు చూసింది ఈ రోజే చెప్పాలి.

చేవెళ్ల బస్టాండు ఎదుట కిరాణా దుకాణం నడిపే రూతమ్మ గారు సాయంత్రం నా దగ్గరకు ఒక రంగుల మ్యాప్ తెచ్చారు. ఎవరో కన్సల్టెంటు తయారు చేసిందట. కనకమామిడి దగ్గర, ఇళ్లు ఎక్కువని ఎర్రగా చూపించిన చోటికి మారితే గిరాకీ పెరుగుతుందని అందులో ఉంది. అది నమ్మి, ఉన్న దుకాణం ఖాళీ చేస్తానని ఆమె దాని యజమానికి నిన్ననే చెప్పేశారు.

మ్యాప్‌లు విశ్లేషించడం నా వృత్తి. ఉపగ్రహ చిత్రం తెరిచి చూశాను. ఆ మ్యాప్ గీసిన సాఫ్ట్‌వేర్ ప్రతి పైకప్పునూ ఒక కుటుంబంగా లెక్కపెట్టింది. అక్కడున్నవి చాలావరకు ఫామ్‌హౌస్‌లు.

"వాళ్లు ఆదివారమే వస్తారమ్మా. సరుకులు కూడా సిటీ నుంచి కార్లో తెచ్చుకుంటారు," అన్నాను.

"మరి మిగిలిన దినాలు నా బియ్యం ఎవరు కొంటరు సార్, వాళ్ల కుక్కలా?"

"వాటి తిండీ డిక్కీలోనే వస్తుంది."

ఆమె నవ్వారు. నాకు మాత్రం కోపం తగ్గలేదు. సాఫ్ట్‌వేర్‌ను నిందించను, పైకప్పులు లెక్కపెట్టమంటే అది లెక్కపెట్టింది. మామూలు రోజున ఒక్కసారైనా ఆ దారిన వెళ్లి గేట్లకున్న తాళాలు చూడని మనిషి, ఇంకొకరి బతుకుదెరువును నిర్ణయించడం అన్యాయం. బస్టాండు దగ్గర షాబాద్ వెళ్లే ఆటోల కోసం ఆగి ఈమె దగ్గర సరుకు కొనేవాళ్లు ఆ మ్యాప్‌లో ఒక్కరూ లేరు. మీకూ ఎవరైనా ఇలాంటి మ్యాప్ చూపించారా? వాళ్లు ఆ చోటికి వెళ్లి చూశారో లేదో అడిగారా? రాయండి.

దుకాణం ఖాళీ చేయనని చెప్పడానికి యజమాని దగ్గరకు ఆమెతో నేనూ వెళ్లాను. ఇప్పటికే ఇంకొకరికి మాట ఇచ్చానని, ఆలోచించి చెబుతానని ఆయన అన్నారు. ఆ దుకాణం ఆమెకు దక్కుతుందో లేదో ఇంకా తెలియదు.