నిమ్మతోట దగ్గర డీజిల్ బండి

పట్టిసీమ రేవు చూద్దామని ఒక వేసవి ఉదయం ఆరు గంటలకు రాజమండ్రిలో పోలవరం బస్సెక్కాను. కొవ్వూరు దాటాం. తాళ్ళపూడిలో ఇడ్లీ తిన్నాం. ఊరు దాటగానే టైరు పంక్చరైంది. గోరుచుట్టు మీద రోకటిపోటులా స్టెప్నీలోనూ గాలి లేదు.

వెనకనే డీజిల్ డ్రమ్ములతో ఒక వ్యాను వచ్చింది. డ్రైవరు వెంకట్రావు గారికి యాభై దాటి ఉంటాయి. పోలవరం కుడి కాలువ తవ్వే ప్రొక్లెయిన్లకు రోజూ ఆయనే డీజిల్ పోస్తారట.

"కాలవ పని మీదుగా వెళ్తానండి, ఆలస్యమౌద్ది. పర్లేదనుకుంటే ఎక్కండి" అన్నారు. ఎక్కాను.

మొదటి యంత్రం దగ్గర ఆగాక ఆయన డ్రమ్ములు ముట్టుకోలేదు, దూరంగా వెళ్ళి నీడన కూర్చున్నారు. దారి కుదుపులకు డ్రమ్ము అడుగున ఉన్న నీళ్ళు డీజిల్లో కలుస్తాయట. అవి మళ్ళీ కిందికి దిగడానికి అరగంట పడుతుందట. సూపర్‌వైజరు కేకలేసినా ఆయన కదలలేదు. నా తొందర నాది. డ్రమ్ములోంచి డీజిల్ తోడే చేతిపంపు నేను తిప్పుతానని ముందుకొచ్చాను. చేతులు కంపు కొడతాయని నవ్వి వద్దన్నారు.

పదకొండింటికి చివరి యంత్రం దగ్గరికి చేరాం. ముందురోజే డీజిల్ అయిపోయి, ఒక నిమ్మతోట గట్టున బకెట్ నేలకానించి నిలబడి ఉంది. దాని ఆపరేటరు వెంకట్రావు గారికి నమస్కారం పెట్టి తల దించుకున్నాడు. నేను ఎందుకని అడిగితే, తోట ఆయనదేనని మెల్లగా చెప్పాడు. ఆయనా, వాళ్ళ నాన్నగారూ కలిసి వేసిన మొక్కలట. కాలువకు పోయిందట, డీజిల్ పడగానే ఈ యంత్రం తవ్వాల్సింది దాన్నేనట. ఆ తర్వాతే ఈ బండి పనిలో చేరారట.

వెంకట్రావు గారు తోటలోకి వెళ్ళి తువ్వాల్లో నాలుగు కాయలు కోసుకుని వచ్చారు. అరగంటైంది. నాకైతే ఆ నీళ్ళు సాయంత్రం దాకా దిగకుండా ఉంటే బాగుండుననిపించింది. ఆపరేటరుకీ అదే అనిపించినట్టుంది.

"బాబాయ్, నీళ్ళింకా దిగలేదేమో. మధ్యాహ్నం చూద్దామా?"

"రోజూ అరగంటే కదా బాబూ. ఇవాళెందుకు దిగకుండా ఉంటాయి?" అని ఆయన డ్రమ్ము మూత తీశారు. పంపు దింపి, గొట్టం యంత్రం ట్యాంకులో పెట్టి, హ్యాండిల్ మీద చెయ్యి వేసి మళ్ళీ తీసేశారు. తర్వాత నావైపు తిరిగారు.

"ఇందాక అడిగారు కదండి. దీనికి మీరు తిప్పండి."

కాదనలేక తిప్పాను. ఆయన చెట్లకు వీపు పెట్టి నిలబడ్డారు. డీజిల్ గొట్టంలో ఎక్కుతుంటే నా చేతులు నాకే నచ్చలేదు. మేం బయల్దేరిన కాసేపటికి వెనక యంత్రం స్టార్టయింది. ఆయన అద్దంలోకి చూడలేదు.

పోలవరం రోడ్డులో దిగాక ఆ కాయలు తువ్వాలుతో సహా నా చేతిలో పెట్టి, "సబ్బుకి పోదండి ఈ కంపు, నిమ్మకాయకైతే పోద్ది" అన్నారు.

పట్టిసీమ బాగుంది. లాంచీలు దొరుకుతాయి, వేసవిలో వెళ్ళేవారు పెందలాడే చేరుకుంటే మంచిది. నేను మాత్రం ఏదీ మనసు పెట్టి చూడలేదు.

సాయంత్రం తిరుగు బస్సులో కాయలు ఒక్కొక్కటే కోసి చేతులకు రుద్దుకుంటూ, చెక్కలు కిటికీలోంచి పారేస్తూ వచ్చాను. కంపు పోయింది. కొవ్వూరు వంతెన ఎక్కాక చూసుకుంటే తువ్వాలు ఖాళీ. వాటిలో గింజలుంటాయని అప్పుడు గుర్తొచ్చింది.