బంగాళాదుంప ముక్క మీద నురగ

కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ఆ మేడమ్ ఎంజైముల పాఠాన్ని మాత్రం ఏటా తోటి మాస్టారికి అప్పజెప్పేది. ఎందుకని ఎవరూ అడగలేదు, అందరికీ తెలుసు. ఆమె కొడుకుకు పుట్టుకతోనే ఒక ఎంజైము లేదు. ఒంట్లో విడిపోవలసిన పదార్థం విడిపోక, కాలేయంలో పేరుకుపోయి, మాటలు వస్తున్న వయసులోనే వాడు కన్నుమూశాడు.

ఈ ఏడు మాస్టారు రిటైరయ్యారు. పాఠం ఆమె నెత్తిన పడింది.

గాజు గ్లాసులో హైడ్రోజన్ పెరాక్సైడ్ నీళ్లలా కదలకుండా ఉంది. ఆమె అందులో పచ్చి బంగాళాదుంప ముక్క వేయగానే నురగ పొంగింది. దుంపలోని ఎంజైము పెరాక్సైడ్‌ను విడగొడుతోందనీ, పెరాక్సైడ్ గాఢత పెంచేకొద్దీ ఆ వేగం పెరుగుతుందనీ, ముక్కలోని ఎంజైములన్నిటికీ చేతినిండా పని దొరికాక ఇక పెరగదనీ చెప్పింది.

"అసలు ఎంజైమే లేకపోతే మేడమ్? చర్య ఆగిపోతుందా?" అని ముందు బెంచీ అమ్మాయి అడిగింది.

ఆమె చాక్‌పీసు కింద పెట్టింది. "ఆగదమ్మా. నత్తనడకన జరుగుతూనే ఉంటుంది. మనిషి ఒళ్లు అంతకాలం ఓపిక పట్టలేదు."

మళ్లీ చాక్‌పీసు అందుకుంది. గ్రాఫు గీసి పాఠం పూర్తి చేసింది.

ఇంటికెళ్లాక భర్తతో, "ఇవాళ ఎంజైములు చెప్పానండీ" అంది.

ఆయన చదువుతున్న పేపరు మడిచాడు. "మొత్తమా?"

"మొత్తం."

కొడుకు పోయాక ఆ ఇంట్లో ఇద్దరూ వాడి ఊసెత్తలేదు. ఆయన పేపరు పక్కన పెట్టి, "చెప్పుల్ని పెచ్చులు అనేవాడు, గుర్తుందా?" అన్నాడు.

ఆమె నవ్వబోయి ఏడ్చేసింది. ఆయన లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు.