రెండు మోటార్లకు ఒకే నంబరు

సబ్బుల ఫ్యాక్టరీలో మా పెద్దమ్మ ముఖం చాలామందికి తెలియదు. గొంతు తెలియనివాళ్ళు మాత్రం లేరు. గేటు పక్క చిన్న గదిలో టెలిఫోన్ బోర్డు ముందు కూర్చుని, ఎవరికి ఎవరు కావాలంటే వాళ్ళను కలిపేది. అందరూ ఆపరేటరమ్మ అనేవాళ్ళు. అసలు పేరు సంతకం పెట్టేటప్పుడు తప్ప గుర్తు రాదని తనే నవ్వేది. మేనేజరు ఉన్నప్పుడు ఉన్నారనీ, ఉండి కూడా లేనప్పుడు లేరనీ ఒకే గొంతుతో చెప్పగల మనిషి.

తర్వాత అందరి జేబుల్లోకీ ఫోన్లు వచ్చాయి. బోర్డు మోగడం తగ్గింది. ఈగలు తోలుకోవడమే పనైంది. ఒకరోజు ఎవరో ఇద్దరు వచ్చి బోర్డును గోడ నుంచి ఊడదీసి పట్టుకుపోయారు. ఇక తననూ ఇంటికి పంపేస్తారనుకుని పెద్దమ్మ సంచీ సర్దుకుంటూ ఉంటే మేనేజరు పిలిపించాడు.

"ఇన్నాళ్ళూ మనుషుల్ని కలిపారు కదమ్మా. ఇకమీద మిషన్లని కలపండి," అన్నాడు.

తమాషాకి అంటున్నాడనుకుంది. తమాషా కాదు. మోటార్లూ, వాల్వులూ, తూకం మిషన్లూ అన్నిటినీ వైర్లతో ఒక కంప్యూటరుకు కలిపేశారట. ఏది పనిచేస్తోందో చూడటానికీ, కొత్తది వస్తే దానికి నంబరివ్వటానికీ ఆ కంప్యూటరు ముందు ఒక మనిషి ఉండాలట. మిగతా అందరికీ చేతినిండా పని ఉంది. ఖాళీగా ఉన్నది తనొక్కతే.

ఆ సాఫ్ట్‌వేర్ పెట్టిన కంపెనీ ఇంజనీరు వచ్చి నేర్పాడు. భారీ మనిషి, మాట మాత్రం పక్క కుర్చీకి కూడా వినిపించదు.

"ఎడమ పక్కన కనిపించేదంతా మన ఫ్యాక్టరీనే. ఒక్కో గీత చివర ఒక్కో మిషను. పచ్చ చుక్క ఉంటే పలుకుతున్నట్టు, ఎర్ర చుక్క ఉంటే పలకనట్టు. ప్రతిదానికీ ఒక పేరు, ఒక నంబరు."

నంబరనే మాట వినగానే పెద్దమ్మకు ప్రాణం లేచొచ్చింది. నంబర్ల మధ్యే కదా తన బతుకంతా గడిచింది.

"మీరిక్కడ ఏం మార్చినా అది ఇక్కడే ఉంటుంది. మిషనుకి చేరాలంటే డౌన్‌లోడ్ కొట్టాలి," అన్నాడు ఇంజనీరు.

"డౌన్‌లోడంటే దించుకోవడం కదండీ? మా ఆయన ఫోన్లోకి పాటలు దించుకుంటారు."

"ఇక్కడ తిరగేసి. కంప్యూటరు పైనుంది, మిషను కిందుంది అనుకోండి. మనం కిందికి పంపుతాం."

"సబ్బు కలిపే తొట్టి మేడమీద ఉంది కదండీ?"

"మేడ సంగతి వదిలెయ్యండి," అన్నాడు ఇంజనీరు.

పెద్దమ్మను మేడ వదల్లేదు. కిందికి పంపడమంటే మేడమీదికి పంపడమని రోజూ మనసులో చెప్పుకోవలసి వచ్చేది. అంతకంటే వింత ఇంకొకటి. స్క్రీన్ మీద మోటారు ఆగి ఉన్నట్టు కనిపిస్తుంది, కంప్యూటరు గది కిటికీ అద్దంలోంచి చూస్తే గిరగిరా తిరుగుతూ ఉంటుంది. తను చూస్తున్నది ఫ్యాక్టరీని కాదు, ఫ్యాక్టరీ బొమ్మనని, ఆన్‌లైన్ అనే మీట నొక్కితే తప్ప రెండూ కలవవని తెలిసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

నచ్చింది ఒక్కటే. ఏదైనా మిషన్ను ఎంచుకుని స్క్రీన్ మీది ఒక చిన్న బొమ్మ నొక్కితే, ఫ్యాక్టరీలో ఎక్కడున్నా ఆ మిషను మీది దీపం మినుకు మినుకుమంటుంది. పిలిస్తే పలికినట్టు. పనిలేనప్పుడు ఊరికే ఒకదాని తర్వాత ఒకదాన్ని పిలుచుకుంటూ కూర్చునేది.

అప్పుడప్పుడు స్క్రీన్ మీద పసుపుపచ్చ త్రికోణాలు వచ్చేవి. ఇంగ్లీషులో ఏదో పొడుగ్గా రాసి ఉండేది.

"ఇవేంటండీ?"

"అవి మామూలే. ఓకే కొట్టెయ్యండి," అని చెప్పి ఇంజనీరు తన ఊరు వెళ్ళిపోయాడు.

మా పెదనాన్న దర్జీ. సాయంత్రం పెద్దమ్మ ఇంటికి రాగానే కుట్టు మిషను ఆపి, "ఇవాళ ఏం చేశావు?" అని అడిగేవాడు.

"ఏమో మరి. ఏదో చేశాను. ఏమీ ఆగిపోలేదు," అనేది పెద్దమ్మ.

అలా కొన్నాళ్ళు గడిచాక ఫ్యాక్టరీలో కొత్త బెల్టు వేశారు. సబ్బు కోసే చోటు నుంచి బిళ్ళలు పాత బెల్టు మీద వచ్చి, అక్కణ్ణుంచి కొత్త బెల్టెక్కి, కాగితం చుట్టే మిషనుకు చేరాలి. మేస్త్రి ఫోన్ చేశాడు.

"ఆపరేటరమ్మా, బిగించేశాం. రెండు బెల్టులూ కలిసి నడవాలి, ఒకటే వేగం. కొత్త మోటారుకి నంబరిచ్చెయ్యండి."

కలిసి నడవాలన్న మాట దగ్గర పెద్దమ్మ ఆగింది. పూర్వం మేనేజరుకు ఆఫీసు గదిలో ఒక ఫోను, విశ్రాంతి గదిలో ఒక ఫోను ఉండేవి. రెండిటికీ నంబరు ఒకటే. ఇక్కడ మోగితే అక్కడా మోగేది. ఇదీ అంతే కదా అనుకుని, పాత మోటారు నంబరునే కొత్తదానికీ ఇచ్చింది. పసుపు త్రికోణం వచ్చింది. ఓకే కొట్టింది. కిందికి, అంటే మిషనుకి, పంపించింది.

ఆ తర్వాత జరిగింది ఎవరికీ అర్థం కాలేదు. పాత బెల్టు కదిలితే కొత్తది ఆగుతుంది. కొత్తది కదిలితే పాతది ఆగుతుంది. ఒకటి ఎడ్డెమంటే రెండోది తెడ్డెం. రెండు బెల్టులూ కలిసేచోట సబ్బు బిళ్ళలు గుట్టపడి, జారి, నేలంతా పరుచుకున్నాయి. వాటి మీద కాలేసి ఇద్దరు పడ్డారు.

"మీ స్క్రీన్ ఏమంటోంది?" ఫోన్లో అన్నాడు మేస్త్రి.

"ఒకసారి పచ్చ, ఒకసారి ఎరుపు. ఉండండి, పాత మోటార్ని పిలుస్తాను. దీపం వెలిగిందా?"

"వెలిగింది."

"మళ్ళీ పిలుస్తున్నాను."

"ఇప్పుడు కొత్తది వెలిగింది."

"నేను పాతదాన్నే పిలిచానండీ."

"మరి కొత్తదెందుకు పలికింది?"

ఇంతకాలం పిలిచిన మనిషి కాక వేరే మనిషి పలికిన సందర్భం పెద్దమ్మకు ఎదురు కాలేదు. వేలు తడబడిందేమోనని మళ్ళీ పిలిచింది. ఈసారి పాతదే పలికింది.

మేస్త్రి మాత్రం కేబులు పాడైందని తేల్చాడు. పాతది పీకి కొత్త కేబులు లాగించాడు. అదే తంతు. మేనేజరు వచ్చి, నేల మీది సబ్బుల్ని చూసి, కేబులు బిగించడం కూడా చేతకాదా అని అందరిముందూ మేస్త్రిని కడిగేశాడు. పెద్దమ్మ అద్దంలోంచి అంతా చూసింది. తప్పు తనదేమోనని ఒక పక్క, నంబరు సరిగ్గానే కదా ఇచ్చానని ఇంకో పక్క. చెప్పాలంటే ఏం చెప్పాలో తెలియలేదు.

ఇంటికొచ్చి పెదనాన్నకు చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"రెండు చొక్కాలకి ఒకే కొలత ఉండొచ్చు. కానీ ఒకే మనిషి రెండూ ఒకేసారి తొడుక్కోలేడు," అన్నాడు.

"ఇందులో చొక్కా ఎవరు, మనిషెవరు?"

"అది నాకూ తెలీదులే," అని పెదనాన్న మళ్ళీ కుట్టు మిషను తొక్కడం మొదలుపెట్టాడు.

మర్నాడు పనిలోకి వెళ్ళగానే ఇంజనీరుకు ఫోన్ చేసింది.

"కొత్తదానికి నంబరెంత ఇచ్చారు?" అన్నాడాయన.

"అదే నంబరండీ."

"అదే అంటే?"

"పాతదాని నంబరే. రెండూ కలిసి నడవాలన్నారు కదా."

అవతల చప్పుడు లేదు. లైను తెగిందనుకుని, "హలో, మాట్లాడుతున్నారా?" అంది పాత అలవాటుగా.

"వస్తున్నాను. నేనొచ్చేదాకా ఏదీ నొక్కకండి," అన్నాడు.

తన తప్పేనని అప్పుడు తెలిసింది. ఎలా తప్పో తెలియలేదు. తెలిసేదాకా ఆగితే మేస్త్రి ఇంకో పూట మాటలు పడతాడు. లేచి, ఎప్పుడూ వెళ్ళని బెల్టుల దగ్గరికి వెళ్ళింది. అక్కడి పనివాళ్ళు ఈవిడెవరా అని చూశారు. నోరు విప్పగానే గుర్తుపట్టారు.

"మేస్త్రి గారూ, కేబులు కాదండీ. నేనిచ్చిన నంబరు తప్పట."

మేస్త్రి చేతిలోని స్పానరు కింద పెట్టాడు. "అంటే నేను పీకి పారేసింది మంచి కేబులా?"

"అయ్యుండొచ్చండీ."

"మరి నిన్న మేనేజరు తిట్టింది ఎవర్నట్టు?"

"నన్ననుకోండి."

ఆయనకు కోపం తెచ్చుకోవాలో నవ్వాలో తోచలేదు. చివరికి పక్కవాణ్ణి పిలిచి, చెత్తలోంచి ఆ కేబులు తెమ్మన్నాడు. పెద్దమ్మ అక్కణ్ణుంచి నేరుగా మేనేజరు గదికి వెళ్ళి అదే మాట చెప్పింది.

ఇంజనీరు వచ్చి కొత్తదానికి వేరే నంబరిచ్చాడు. పాతదాన్ని చూసి అంతే వేగంతో నడవమని కొత్తదానికి స్క్రీన్ మీదే ఇంకోచోట చెప్పాడు. బెల్టులు రెండూ మంచి పిల్లల్లా నడిచాయి.

"కలిసి నడవాలంటే నంబర్లు వేరుగా ఉండాలా?" అంది పెద్దమ్మ.

"ఉండాలి. నంబరొకటే అయితే ఒకసారికి ఒకటే పలుకుతుంది. త్రికోణం అదే చెప్పింది కదండీ."

"త్రికోణం వస్తే ఓకే కొట్టమన్నారు కదా?"

"అది ఈ త్రికోణం కాదండీ."

"రెండూ పసుపే కదండీ?"

"ఇకమీద ఏది వచ్చినా నాకు ఫోన్ చెయ్యండి," అన్నాడు ఇంజనీరు.

మేనేజరు కేకలు వెయ్యలేదు. కావాలంటే గేటు దగ్గర వచ్చేపోయేవాళ్ళను చూసుకునే పనిలోకి మార్చేస్తానన్నాడు. పెద్దమ్మకు ఆశ పుట్టిన మాట నిజం. అక్కడ మనుషులుంటారు, పిలిస్తే వాళ్ళే పలుకుతారు. అయినా వద్దంది. ఎందుకని నేనడిగితే, "అర్థం కాకుండా వదిలేస్తే జన్మంతా బుర్ర తింటుందే," అంది. ఉండిపోయినందుకు అర్థమైందా అంటే అదీ లేదు. త్రికోణం వచ్చినప్పుడల్లా అందులోని ఇంగ్లీషును అక్షరం అక్షరం కూడబలుక్కుని మేస్త్రికి ఫోన్లో చదివి వినిపించేది. ఆయనకూ తెలిసేది కాదు. ఇద్దరూ కాసేపు భయపడి, ఇంజనీరుకు ఫోన్ చేసేవాళ్ళు.

కొంతకాలానికి ఆ సాఫ్ట్‌వేర్ కొత్తది వచ్చింది. ఇంజనీరే వచ్చి మార్చాడు. తెరిచి చూస్తే ఎడమ పక్కన ఉండే ఫ్యాక్టరీ కుడి పక్కకు పోయింది. చుక్కలు పోయి ఏవో పెట్టెలొచ్చాయి. ఇంజనీరు పైనా కిందా అన్నీ వెతికి, చివరికి పెద్దమ్మ వైపు తిరిగాడు.

"డౌన్‌లోడ్ ఎక్కడ పెట్టారంటారు?"

"నన్నడుగుతారేంటండీ?"

ఒక్కో బొమ్మా నొక్కి చూడటం తప్ప దారి లేదన్నాడాయన. పెద్దమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఏది నొక్కితే ఏమవుతుందో ఇద్దరికీ తెలియదు గనక, ముందు మేస్త్రికి ఫోన్ చేసి బెల్టులు ఆపించింది.